10 సెకన్ల దూరం, 15 నిమిషాల నీళ్లు

ఉద్యోగంలో చేరిన మొదటి వారం నేను టిఫిన్ బాక్స్ కడుక్కున్నది ఐవాష్‌లో. నగరం శివార్లలో మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ అది. ప్రొడక్షన్ బ్లాకు బయట గోడవారగా ఒక పసుప్పచ్చ గిన్నె, దాన్లో రెండు చిన్న మూతలు, పక్కన అరచేత్తో తోస్తే చాలు నీళ్లొచ్చే రేకు. చేతులు కడుక్కునే బేసిన్ కాక ఇంకేమనుకుంటాం? నీళ్లు కిందికి పడకుండా పైకి చిమ్ముతుంటే ఏదో కొత్తరకం కుళాయి కాబోలనుకుని, పప్పన్నం మెతుకులు ఒక్కటి మిగలకుండా కడిగేశాను. షిఫ్ట్ ఇన్‌చార్జి చూసి దగ్గరికొచ్చారు. తిట్టలేదు. "బాబూ, నువ్వు గిన్నె కడిగింది నీ కళ్లు పెట్టాల్సిన చోట" అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు వల్లే కావచ్చు, తర్వాత ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా, ఏ కాలేజీ ల్యాబ్‌లో అడుగుపెట్టినా ముందు దాన్నే వెతకడం అలవాటైంది. వెతకగా వెతకగా తెలిసిందేమిటంటే, నేను అంతగా సిగ్గుపడాల్సిన పనిలేదు. ఆ వారం ఆ గిన్నెలో నీళ్లు పారాయంటే అది నా టిఫిన్ బాక్స్ పుణ్యమే. మిగతా వారాల్లో పక్కన వేలాడే తనిఖీ కార్డు మీద సంతకాలు పారేవి, గిన్నెలో నీళ్లు కాదు.

దీనికి తెలుగులో పేరు పెట్టినవాళ్లు లేరు. కార్మికుడి దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరూ సేఫ్టీ షవర్, ఐవాష్ అనే అంటారు. నెత్తి మీద పళ్లెమంత షవర్, దానికి వేలాడే త్రికోణపు పిడి. నడుమెత్తున గిన్నె, అందులో పైకి చిమ్మే రెండు నాజిళ్లు. కింద కాలితో తొక్కే పెడల్. పైన పచ్చ బోర్డు మీద తెల్లటి కన్ను బొమ్మ. పటాన్‌చెరు, జీడిమెట్ల, పరవాడ, అచ్యుతాపురం వైపు కెమికల్ కంపెనీల్లో పనిచేసేవాళ్లు రోజూ దాని పక్కనుంచే నడుస్తారు. దానికి కరెంటు అక్కర్లేదు, లోపల మందూమాకూ ఏమీ ఉండదు. వచ్చేది మామూలు నీళ్లు. నీళ్లే కావడం దాని గొప్పతనం. నీళ్లే కదా అనుకోవడం దానికి పట్టిన దరిద్రం.

కంట్లో ఆసిడ్ పడితే ఎక్కువ ప్రమాదమా, కాస్టిక్ పడితేనా అని అడిగి చూడండి. చాలామంది ఆలోచించకుండా ఆసిడ్ అంటారు. ఆసిడ్ మంచిదని కాదుగానీ, కంటి విషయంలో అసలు గజదొంగ కాస్టిక్ లాంటి క్షారం. ఎందుకో తెలియాలంటే కార్నియా గురించి కాస్త చెప్పుకోవాలి. గడియారానికి అద్దం ఎలాగో కంటికి కార్నియా అలాగ. నల్లగుడ్డు మీద 11, 12 మిల్లీమీటర్ల వెడల్పున కప్పి ఉండే పారదర్శకమైన పొర. మందం చూస్తే అర మిల్లీమీటరు, అటూ ఇటూ. కంటికి కాంతిని వంచే శక్తిలో మూడింట రెండు వంతులు దీనిదే. పారదర్శకంగా ఉండాలి కాబట్టి ఇందులో రక్తనాళాలు ఉండవు. కావలసిన ఆక్సిజన్‌ను కన్నీటి పొర ద్వారా నేరుగా గాలిలోంచే తీసుకుంటుంది. రక్తం పారని చోట దెబ్బ తగిలితే మరమ్మతు ఆలస్యం.

పాలలో నిమ్మరసం పిండితే ఏమవుతుంది? విరిగి గడ్డకడతాయి. ఆసిడ్ తగిలినప్పుడు కార్నియా పైపొరలోని ప్రొటీన్లకు జరిగేది దాదాపు అదే. ఆ గడ్డ ఒక చిన్న గోడలా నిలబడి, వెనకొచ్చే ఆసిడ్‌ను కొంతవరకైనా అడ్డుకుంటుంది. హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ మాత్రం ఈ లెక్కకు లొంగదు. అది లోపలికి దూరి కణజాలంలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది, దానికి కడగడం తర్వాత వేరే వైద్యం కావాలి.

ఇప్పుడు కాస్టిక్ సంగతి. నూనెలో కాస్టిక్ కలిపితే సబ్బు తయారవుతుంది. మన కణాల పైపొరలు కూడా కొవ్వుతో కట్టినవే, కాస్టిక్ వాటిని అక్షరాలా సబ్బు చేస్తుంది. కాస్టిక్ నీళ్లు తగిలినప్పుడు వేళ్ల మధ్య జారుడు జారుడుగా ఉంటుందే, చర్మంలోని కొవ్వు సబ్బుగా మారడం కూడా దానికి ఒక కారణం. ఇక్కడ అడ్డుగోడ లేవదు. ఒక్కొక్క పొరా కరుగుతూ దారి ఇస్తూ పోతుంది. కాస్టిక్ సోడా కొన్ని నిమిషాల్లో కార్నియాను దాటి కంటి లోపలి నీటిలోకి చేరగలదు. అమ్మోనియాకైతే సెకన్లే చాలు. అక్కణ్ణుంచి కటకానికి శుక్లం, కంటిలో ఒత్తిడి పెరగడం, ఇలా ఒకదాని వెంట ఒకటి. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఆటో దొరికేలోపు జరగాల్సింది జరిగిపోతుంది. ప్రమాదం జరిగిన చోటే, జరిగిన క్షణమే వైద్యం మొదలవ్వాలనడం అందుకే. ఆ క్షణంలో ఆ చోట దొరికే మందు ఒక్క నీళ్లే.

నీళ్లంటే ఎన్ని నీళ్లు? చెంబుడు పోస్తే చాలదా? ఇక్కడే పీహెచ్ లెక్క మనల్ని మోసం చేస్తుంది. లీటరు ద్రావణంలో 40 గ్రాముల కాస్టిక్ సోడా ఉంటే దాని పీహెచ్ 14. పదింతలు పలచన చేస్తే సగానికి దిగుతుందనుకుంటాం. దిగేది ఒక్క మెట్టు, 13కి. వందింతలు చేస్తే 12. వెయ్యింతలకు 11, అది కూడా కంటిని మండించే నీరే. కన్నీటి పీహెచ్ 7.4 ప్రాంతం. దాని దగ్గరికి, కనీసం 8కి రావాలంటే పదిలక్షలింతలు పలచన కావాలి. ఇది కాగితం మీది లెక్కే, నిజానికి శరీరం కూడా తన వంతు సాయం చేస్తుంది. అయినా చెంబుడు నీళ్లతో పని జరగదని తేలడానికి ఈ లెక్క చాలు. పైగా రెప్పల మధ్య పట్టేదెంత? ఒక్క చుక్క కూడా పూర్తిగా పట్టదు. కంట్లో నీళ్లు నింపి కలపడం కుదిరే పని కాదు. ఉన్నదాన్ని తోసేసి, దాని చోటికి వచ్చిన నీళ్లను మళ్లీ తోసేసి, అలా ఆగకుండా మారుస్తూ పోవాలి. ధార కావాలనేది అందుకే.

సరే, ధార పెడితే నిమిషంలో పైనున్నదంతా కొట్టుకుపోతుంది కదా, 15 నిమిషాలెందుకు? ఉప్పుచేప వండే ఇళ్లలో ఈ ప్రశ్న అడగరు. మొదటి కడుగుకు పైనున్న ఉప్పు పోతుంది. కూర నోట పెట్టుకునేలా ఉండాలంటే నీళ్లు మార్చి మార్చి నానబెట్టాలి, అప్పుడు గానీ కండలోకి దిగిన ఉప్పు బయటికి రాదు. కార్నియాలోకి ఇంకిన కాస్టిక్ కూడా అంతే. అది తనంతట తాను నెమ్మదిగా బయటికి ఊరాలి. బయట ఎప్పుడూ తేటనీళ్లు ఉంటేనే అది బయటివైపు నడుస్తుంది, లేకపోతే లోపలివైపే. అర మిల్లీమీటరు తడి పొరలోంచి ఒక చిన్న అయాను బయటికి రావడానికి పట్టేది సెకన్లు కాదు, నిమిషాలు. 15 నిమిషాలు కనీసపు హద్దు మాత్రమే. బలమైన క్షారాలు పడిన కంటిని ఆసుపత్రిలో అరగంట, గంట కడగడం మామూలే. పీహెచ్ కాగితం పెట్టి చూసి, కాసేపు ఆగి మళ్లీ చూసి, లోపలి నుంచి ఇంకా ఊరుతోందని తేలితే మళ్లీ కడుగుతారు.

కాస్త చదువుకున్నవాళ్లు ఇంకో తెలివైన ప్రశ్న వేస్తారు. ఆసిడ్‌కు క్షారం, క్షారానికి ఆసిడ్ విరుగుడు కదా, వెనిగరో సోడా నీళ్లో పోస్తే త్వరగా పోదా? నేనూ అలాగే అనుకున్నాను, డిగ్రీ ల్యాబ్‌లో బ్యూరెట్ పట్టుకుని చేసిందంతా ఆ పనే కాబట్టి. కానీ బ్యూరెట్‌తో చేసేటప్పుడు చుక్క చుక్కా కొలుస్తాం. కంట్లో ఎంత పడిందో, ఎంత ఇంకిందో ఎవరికి తెలుసు? తక్కువ పోస్తే చాలదు, ఎక్కువ పోస్తే రెండో గాయం. ఆసిడ్, క్షారం కలిసేటప్పుడు పుట్టే వేడి అదనం. 1927లోనే డేవిడ్సన్ అనే వైద్యుడు జంతువుల మీద ప్రయోగాలు చేసి, ఆసిడ్, క్షారాల కాలిన గాయాలకు విరుగుడు ద్రావణాలకన్నా వెంటనే నీళ్లతో కడగడమే మేలని 'ఆనల్స్ ఆఫ్ సర్జరీ' పత్రికలో రాశాడు. గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో నీళ్లు పోస్తే భగ్గుమంటుందని బడిలో నేర్చుకున్నాం, మరి ఒంటిమీద పడితే నీళ్లు పోయొచ్చా అనే అనుమానమూ ఉంటుంది. కాసిని పోస్తే వేడెక్కే మాట నిజమే. ధారగా, కుండపోతగా పోస్తే పుట్టిన వేడిని పుట్టినట్టే నీళ్లు మోసుకుపోతాయి. పిసినారితనం పనికిరాదు.

ఎంత ధార అన్నదానికి లెక్కలున్నాయి. అమెరికాలో జడ్358.1 అనే ప్రమాణం 1981లో వచ్చి, పలుమార్లు సవరణ పొందింది. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 1982లో ఐఎస్ 10592 తెచ్చింది. మన పెద్ద కంపెనీలు, ముఖ్యంగా విదేశాలకు మందులు పంపేవి, ఎక్కువగా అమెరికా లెక్కనే పట్టుకుంటాయి. దాని 2014 కూర్పు ప్రకారం ఐవాష్ నిమిషానికి కనీసం 1.5 లీటర్లు ఇవ్వాలి. ముఖం కూడా కడిగే రకమైతే 11.4 లీటర్లు. ఒంటి మీద పడే షవరైతే 75.7 లీటర్లు. అన్నీ 15 నిమిషాల పాటు, ఆగకుండా.

ఈ అంకెలను మన కొలతల్లోకి మార్చి చూద్దాం. ఐవాష్‌కు 15 నిమిషాల్లో దాదాపు 23 లీటర్లు. అంటే ఇంట్లో తాగడానికి తెప్పించుకునే 20 లీటర్ల వాటర్ క్యాన్ ఒకటి చాలదు. కంట్లో పడితే వాడమని ల్యాబ్ గోడకు తగిలించే అర లీటరు ప్లాస్టిక్ సీసా ఎంతసేపు వస్తుందో మీరే లెక్కేసుకోండి. ఆ సీసా ఐవాష్ దగ్గరికి చేరేలోపు దారిలో పోసుకోవడానికే. ఇక షవర్‌కు 1,136 లీటర్లు. డాబా మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు నిండుగా ఉన్నా ఒక్క మనిషికి సరిపోదు. సేఫ్టీ షవర్‌ను బాత్రూమ్ లైనుకు కలిపేసి చేతులు దులుపుకున్న చోట్లు నేను చూశాను. అటు ఎవరైనా కుళాయి తిప్పితే ఇటు షవర్ నుంచి సన్నటి తుంపర.

ఇవన్నీ లెక్కలు. అవసరం పడినప్పుడు మా ఇన్‌చార్జి చేసింది చెప్పాలి. నా రెండో ఏడాది వానాకాలం, రాత్రి షిఫ్ట్. కాస్టిక్ లై, అంటే కాస్టిక్ సోడా ద్రావణం, డ్రమ్ము నుంచి రియాక్టర్‌కు ఎక్కిస్తుంటే హోస్ క్లాంపు ఊడింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు హెల్పర్‌గా ఉండేవాడు. చెమటకు గాగుల్స్ మసకబారుతుంటే నుదుటి మీదికి తోసుకున్నాడు, మనమందరం చేసే పనే. లై ముఖం మీద, ఛాతీ మీద చిమ్మింది. వాడు అరిచిన అరుపు కన్నా, అరిచాక రెండు చేతులతో కళ్లు మూసుకుని ఉన్నచోటే గిరగిరా తిరగడం నాకు గుర్తు. ఐవాష్ పది అడుగుల దూరంలో ఉంది, వాడు వ్యతిరేక దిక్కుకు నడుస్తున్నాడు.

ఇన్‌చార్జి వాడి కాలరు పట్టుకుని లాక్కెళ్లి, పెడల్ తొక్కి, మెడ వంచారు. ముందు వచ్చినవి టీ రంగు నీళ్లు. నేను ఒక్క క్షణం తటపటాయించాను. ఆయన తటపటాయించలేదు, తుప్పునీళ్లయినా లై కన్నా మేలే. నాలుగైదు సెకన్లలో తేటపడ్డాయి. వాడి రెప్పలు బిగుసుకుపోయాయి. కంట్లో ఏదైనా పడితే రెప్పలు తమంతట తామే బిగుసుకోవడం కన్ను తనను తాను కాపాడుకునే తీరు, ఇక్కడ అదే శత్రువు. మూసుకున్న రెప్ప వెనకే లై ఉంది. ఆయన రెండు వేళ్లతో రెప్పలు విడదీసి పట్టుకుని "తెరువు నాన్నా, తెరువు, అటూ ఇటూ చూడు, పైకి చూడు" అంటూనే ఉన్నారు. పెడల్ ఒకసారి తొక్కితే వాల్వు తెరుచుకుని తనంతట తాను మూసుకోకూడదని నియమం ఎందుకుందో అప్పుడు అర్థమైంది. రెండు చేతులూ రెప్పలకే కావాలి. కుళాయి పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎక్కడిది?

మూడు నాలుగు నిమిషాలకు వాడు "చాలు సార్, మంట తగ్గింది సార్" అన్నాడు. ఇన్‌చార్జి గడియారం చూసి "మంట తగ్గితేనే భయపడాలిరా, నిలబడు" అన్నారు. ఆ మాట ఆయన తిట్టడానికి అనలేదు. క్షారం గాఢంగా కాల్చినప్పుడు నొప్పి చెప్పే నరాల కొసలు కూడా పోతాయి, నొప్పి తగ్గడం నయమైనట్టు కాదు. ఇంకోపక్క చొక్కా లైతో తడిసి ఒంటికి అంటుకుంది, దాన్ని విప్పించి షవర్ కిందికి నెట్టాం. ప్యాంటు విప్పమంటే వాడు ససేమిరా అన్నాడు, పక్కన క్వాలిటీ కంట్రోల్ అమ్మాయిలు నిలబడి ఉన్నారని. ఎవరో లుంగీ తెచ్చారు, ఇద్దరు దుప్పటి అడ్డం పట్టారు. మాక్ డ్రిల్‌లో ఎవరూ చెప్పని విషయం ఇది. తడిసిన బట్ట ఒంటి మీద ఉన్నంతసేపూ లై ఒంటి మీదే ఉన్నట్టు. షవర్ దగ్గర ఒక తెర, ఒక పొడి లుంగీ ఉంచడానికి పెద్ద ఖర్చేం కాదు.

ఆసుపత్రికి తీసుకెళ్లాక అక్కడా ముందు చేసింది కడగడమే, సెలైన్ సీసాకు గొట్టం తగిలించి. కుడికంటి అంచున చిన్న మచ్చ మిగిలింది. చూపు మిగిలింది.

ఐవాష్ ఎక్కడ ఉండాలంటే ప్రమాదం జరిగే చోటు నుంచి 10 సెకన్ల నడకలో అంటారు. దూరంలో చెబితే సుమారు 55 అడుగులు. ఘాటైన రసాయనాలైతే అంతకన్నా దగ్గర, పక్కనే. అదే అంతస్తులో ఉండాలి, మధ్యలో మెట్లుండకూడదు, దారిలో అడ్డం ఉండకూడదు. చదవడానికి తేలిగ్గానే ఉంది. ఒకసారి సేఫ్టీ ట్రైనింగ్‌లో నా కళ్లకు గంతలు కట్టి రియాక్టర్ దగ్గర్నుంచి షవర్ దాకా నడవమన్నారు. రోజూ తిరిగే చోటే, కళ్లు మూసుకుని చెప్పగలననుకున్నాను. నలభై సెకన్లు పట్టింది, మధ్యలో ఒక పైపు సపోర్టు మోకాలికి తగిలింది. షవర్ ముందు ఖాళీ స్థలం ఉంటే అక్కడ ఖాళీ డ్రమ్ములు చేరడం మన ఫ్యాక్టరీల ఆచారం. ఖాళీ జాగా కనిపిస్తే మనవాళ్లకు చెయ్యి ఊరుకోదు. పచ్చ బోర్డు మాత్రం డ్రమ్ముల పైనుంచి తొంగిచూస్తూనే ఉంటుంది.

అమెరికా ప్రమాణంలో నీళ్ల వేడి గురించి కూడా ఒక నియమం ఉంది, 16 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలని. ఇది చలిదేశాల్లో పుట్టిన ఆలోచన. గడ్డకట్టే నీళ్ల కింద ఎవరూ 15 నిమిషాలు నిలబడలేరు, రెండు నిమిషాలకే బయటికి వచ్చేస్తారు, ఒళ్లు చల్లబడటమే ఇంకో ప్రమాదం. మన దగ్గర సమస్య తలకిందులు. మే నెల మధ్యాహ్నం ఇంట్లో కుళాయి తిప్పితే ముందు వచ్చేవి వేడినీళ్లేనని ప్రతి ఇంటికీ తెలుసు. ఎండలో పరిచిన ఇనుప పైపులో నిలిచిన నీళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. రామగుండం ఎండకైతే చెయ్యి పెట్టలేం. వేడినీళ్లు రసాయన చర్యను ఇంకా వేగిరపరుస్తాయి, అసలే కాలిన చర్మాన్ని మళ్లీ కాలుస్తాయి. పైపును భూమిలోంచి తెచ్చో, పైన ఇన్సులేషన్ చుట్టో, ట్యాంకుకు నీడ కల్పించో దీన్ని తప్పించుకోవచ్చు. వేడెక్కిన నీటిని తనంతట తాను వదిలేసే వాల్వులు కూడా దొరుకుతాయి. మన మీద రుద్దిన పరాయి నియమాల్లో ఇదొకటని ఒకప్పుడు నవ్వుకున్నాను, ఇప్పుడు 38 అనే అంకె మన కోసమే పెట్టారేమో అనిపిస్తుంది.

వారానికొకసారి తిప్పి చూడమన్న నియమం నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, అందరూ తప్పేదీ అదే. వాల్వు పనిచేస్తోందో లేదో చూడటం ఒక్కటే దాని ఉద్దేశం కాదు. వాడకుండా నిలిచిన పైపులో నీళ్లు కుళ్లుతాయి. పైపు లోపలి గోడకు జిగురులాంటి పొర పట్టి, అందులో సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా, అకాంతమీబా అనే ఏకకణ జీవి పెరుగుతాయి. మామూలు కన్ను వీటిని తట్టుకోవచ్చు. రసాయనంతో పైపొర లేచిపోయిన కంట్లో ఈ నీళ్లు కొడితే పుండు మీద కారం కాదు, పుండులో పురుగు వేసినట్టు. అకాంతమీబా కార్నియాలో చేరితే నెలల తరబడి మందులు వాడాలి. మనకు అదనంగా బోరునీళ్ల సున్నం ఉంది, నాజిల్ రంధ్రాలను అది పూడ్చేస్తుంది. మూతలు పోయిన నాజిల్‌లో కందిరీగ మట్టిగూడు కట్టడం నేను స్వయంగా చూశాను.

ఎందుకు తిప్పరు? బద్ధకం ఒక కారణమే, పెద్ద కారణం మాత్రం డ్రెయిన్. షవర్ కింద నీళ్లు పోయే దారి పెట్టకుండా కడతారు. ఒక్క నిమిషం తిప్పినా 75 లీటర్లు నేల మీద. తుడిచేవాడు తిడతాడు, పక్కన ప్యానెల్ బోర్డు ఉంటే ఎలక్ట్రీషియన్ తిడతాడు, మురుగునీళ్లు శుద్ధిచేసే ఎఫ్లుయెంట్ ప్లాంటు వాళ్లు లెక్క అడుగుతారు. దాంతో కార్డు మీద టిక్కు పడుతుంది, నేల పొడిగా ఉంటుంది. ఇంకో రకం ఉంది, ఇది మరీ ఘోరం. వాల్వు కొంచెం కారుతోందని పైన మెయిన్ వాల్వు కట్టేస్తారు. మెయింటెనెన్స్ వాళ్లకు చెప్పాం, వస్తారు అంటారు. ఆ వాల్వు తెరిచిన స్థితిలోనే ఉండేలా తీగతో బిగించి సీలు వెయ్యాలి.

ఇదంతా కెమికల్ ఫ్యాక్టరీల గొడవ అనుకోవద్దు. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలు అమ్మోనియాతో నడుస్తాయి. తీరంలో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలోనూ, ఐస్ ఫ్యాక్టరీల్లోనూ అమ్మోనియాయే. కళ్లకు సెకన్లలో చేటు చేసే క్షారం ఇదేనని పైన చెప్పాను. అది నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది. కన్నీటిలో కరుగుతుంది కాబట్టే అంత ప్రమాదం, నీటి ధారకు లొంగేదీ అందుకే. కంప్రెసర్ గది తలుపు బయట తప్పకుండా ఒక ఐవాష్ ఉండాలి, లీకయిన గదిలోకి ఎవరూ తిరిగి వెళ్లలేరు కాబట్టి. బ్యాటరీ షాపుల్లో సల్ఫ్యూరిక్ ఆసిడ్, కంసాలి దగ్గర నైట్రిక్ ఆసిడ్, తాపీమేస్త్రి దగ్గర సిమెంటు. తడిసిన సిమెంటు గట్టి క్షారమని చాలామంది మేస్త్రులకు తెలియదు, దాన్ని కంట్లోంచి తువ్వాలు కొసతో తుడుచుకుంటారు.

ఇంట్లో ఉండేది సున్నం. వక్కాకుకు రాసుకునే సున్నం ప్లాస్టిక్ పొట్లాల్లో వస్తుంది. పిల్లలు దాన్ని ఆటవస్తువు అనుకుని నొక్కుతారు, టప్పున పగిలి నేరుగా ముఖం మీద చిమ్ముతుంది. పిల్లల కళ్లు సున్నంతో కాలి ఆసుపత్రికి రావడం కంటి డాక్టర్లకు బాగా తెలిసిన సంగతి. సున్నం ఇంకో చిక్కు తెస్తుంది. అది పై రెప్ప లోపలి మడతలో అంటుకుని, పైపైన కడిగినా అక్కడే ఉండి నెమ్మదిగా క్షారం వదులుతూ ఉంటుంది. ఆసుపత్రిలో రెప్ప తిరగేసి దూదిపుల్లతో ఏరి తీస్తారు. ఇలాంటప్పుడు చుట్టుపక్కలవాళ్లు తలో సలహా ఇస్తారు. ఒకరు ఆముదం వేయమంటారు, ఒకరు చనుబాలు పిండమంటారు, ఇంకొకరు నెయ్యి. వాళ్ల ప్రేమను శంకించలేం గానీ, ఆ పెద్దమ్మ ఆముదం సీసా వెతికే రెండు నిమిషాలు కుళాయి కింద గడపాల్సినవి. తల ఒకవైపుకు వంచి, దెబ్బ తగిలిన కన్ను కిందికి ఉండేలా పట్టుకోవాలి, లేకపోతే కడిగిన మురికి రెండో కంట్లోకి పారుతుంది. రెప్పలు విడదీసి సన్నటి ధార 20 నిమిషాలు. కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీయడానికి ఆగకుండా కడగడం మొదలుపెట్టి, మధ్యలో తీయాలి. పొడి సున్నమో, సిమెంటో ముఖం మీద పడితే ముందు దులిపి, తర్వాత నీళ్లు. ఒకరు కడుగుతుంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

కడగడం ఆలస్యమైతే ఏమవుతుందో హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులకు తెలిసినంతగా తక్కువమందికి తెలుసు. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచున సన్నటి వలయంలో మూలకణాలుంటాయి. కార్నియా పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టించేవి అవే. క్షారం ఆ వలయాన్ని చంపేస్తే తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా కార్నియా మీదికి పాకుతుంది, అద్దం తలుపు మీద గచ్చు పూసినట్టు. అక్కడ మామూలుగా కార్నియా మార్చినా నిలవదు, పైపొర పుట్టించే కణాలే లేవు కాబట్టి. 2012లో ఆ ఆసుపత్రికి చెందిన డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం 'స్లెట్' అనే శస్త్రచికిత్సను ప్రకటించింది. బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని ఎనిమిది పది తునకలుగా కోసి, ప్రసవంలో వచ్చే ఉమ్మనీటి సంచి పొరను దెబ్బతిన్న కార్నియా మీద పరిచి, దాని మీద జిగురుతో అంటిస్తారు. మడిలో నాట్లు వేసినట్టు. కణాలు కంటి మీదే పెరుగుతాయి, ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. ప్రపంచమంతా నేర్చుకున్న విద్య ఇది, మన ఊళ్లో పుట్టింది. దీనికి ఒక్క షరతు ఉంది, రెండో కన్ను బాగుండాలి. ఫ్యాక్టరీల్లో లై చిమ్మితే తరచూ రెండు కళ్లలోనూ పడుతుంది.

మీరు పనిచేసే చోట ఐవాష్ ఉంటే, రేపు డ్యూటీకి వెళ్లగానే ఒకసారి పెడల్ తొక్కండి. డ్రమ్ములు అడ్డం ఉంటే ముందు వాటిని తీయించండి. నీళ్లు ఏ రంగులో వచ్చాయో, ఎన్ని సెకన్లకు తేటపడ్డాయో, ఎంత వేడిగా ఉన్నాయో చూడండి. రెండు ధారలూ ఒకే ఎత్తుకు లేస్తున్నాయో చూడండి. బాగుంటే కార్డు మీద సంతకం పెట్టండి. నీళ్లు రాకపోతే మాత్రం పెట్టకండి.